సంఘర్షణ నివారణ – చైనా ప్రభావం: మాసిడోనియా నుండి దక్షిణ సూడాన్ దాకా

యుద్ధం ముగిశాక శాంతిని కాపాడడం ఐక్యరాజ్యసమితికి అలవాటైన పనే. యుద్ధం రాకముందే దళాన్ని పంపడం మాత్రం 1992 డిసెంబరులో మాసిడోనియాతోనే మొదలైంది. పొరుగున బోస్నియా తగలబడుతుండగా, ఆ మంట తమ సరిహద్దు దాటకూడదని మాసిడోనియా ప్రభుత్వమే దళాన్ని కోరింది. 795వ తీర్మానంతో వెళ్ళిన ఆ బలగం 1995లో ప్రత్యేక నివారక దళంగా రూపొందింది.

1999 జనవరిలో మాసిడోనియా తైవాన్‌తో దౌత్య సంబంధాలు ఏర్పరచుకుంది. ఫిబ్రవరి 25న దళం గడువు పొడిగింపు భద్రతామండలి ముందుకు వచ్చినప్పుడు 13 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, రష్యా తటస్థంగా ఉంది, చైనా వీటో చేసింది. అక్కడి పరిస్థితి కుదుటపడిందని, సమితి వనరులు పరిమితమని చైనా ప్రతినిధి వాదించారు. తైవాన్ ఊసు ఆ వాదనలో లేదు. అయితే 1997 జనవరిలో, తైవాన్‌తో సంబంధాలున్న గ్వాటెమాలాకు సైనిక పరిశీలకులను పంపే తీర్మానాన్ని కూడా చైనా మొదట వీటో చేసి, పది రోజులకే ఒప్పుకున్న సంగతి గుర్తుంటే ఈ మౌనానికి అర్థం తెలుస్తుంది.

2001లో మాసిడోనియాలో ఆల్బేనియన్ తిరుగుబాటు చెలరేగింది. దళం ఉండి ఉంటే అది ఆగేదని చెప్పడం తొందరపాటే. కొసోవో యుద్ధానంతరం ఆ ప్రాంతమంతా ఆయుధాలు విస్తరించాయి. కానీ ముప్పును ముందే పసిగట్టగల వ్యవస్థ ముప్పుతో ఏమాత్రం సంబంధం లేని కారణానికి బలైందనడంలో అతిశయోక్తి లేదు.

దార్ఫూర్ నాటికి చైనా తీరు మారింది. 2006 ఆగస్టులో 1706వ తీర్మానంపై ఓటింగులో తటస్థంగా ఉండి, సూడాన్ సమ్మతి తప్పనిసరి అని పట్టుబట్టింది. మరుసటి ఏడాది ప్రత్యేక దూతను నియమించి, ఆ సమ్మతి సాధించడంలో తానే పాలుపంచుకుంది. 2007 జూలై 31న 1769వ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సూడాన్ చమురులో చైనా పెట్టుబడి తక్కువేమీ కాదు. ప్రభుత్వ సమ్మతి అనే సూత్రం మనకూ కొత్త కాదు, 1954 నాటి పంచశీలలో ఉన్న పరస్పర జోక్యరాహిత్యమే దానికి మూలం. చిక్కల్లా, ప్రజలను బాధిస్తున్నది ఆ ప్రభుత్వమే అయినప్పుడు సమ్మతిని ఎవరి పేరిట అడగాలన్నదే.

2014 మే నెలలో దక్షిణ సూడాన్ దళానికి 2155వ తీర్మానం పౌరరక్షణ బాధ్యతను అప్పగించింది. రక్షణ అవసరమైన ప్రదేశాల జాబితాలో పాఠశాలలు, ఆసుపత్రులతోపాటు చమురు క్షేత్రాలు కూడా చేరాయి. ఆ దళంలో పనిచేయడానికి చైనా సుమారు 700 మంది పదాతి సైనికులను పంపింది.