కొత్త బియ్యము, కొత్త బెల్లము: సంక్రాంతి పిండివంటల పూర్వకథ

తెలుగువారి పండుగలలో ప్రతిదానికిని ఒక భక్ష్యము నియతమై యున్నను, ఇల్లంతయు దినములు ముందుగా సన్నాహమునకు పూనుకొనునది సంక్రాంతికి మాత్రమే. వినాయకచవితి ఉండ్రాళ్లును, ఉగాది బొబ్బట్లును ఆనాటి యుదయమున వండి ఆనాడే ఆరగించునవి. సంక్రాంతి పిండివంట యట్టిది కాదు. అది నిలువ యుండవలెను. డబ్బాలకెక్కి కూతుళ్ల వెంట అత్తవారి యూళ్లకు పయనము కావలెను. ఇరుగుపొరుగులకును, పొలమున పాటుపడినవారికిని, గుమ్మమున నిలిచిన హరిదాసునకును పంచిపెట్టిన పిదప ఇంటివారికి మిగులవలెను. అందుచేతనే ధనుర్మాసము సగము గడచునప్పటికే మన పల్లెలలో రోకటి చప్పుడు మొదలగుచుండెను.

ఈ పండుగకు ఈ వంటయే యేల కుదిరెనని విచారించినచో సమాధానము పంచాంగమునందుకంటె పొలమునందు స్పష్టముగా దొరకును. వర్షాకాలమున నాటిన వరి మార్గశిర పుష్యములలో కోతయై, నూర్పయి, గాదె కెక్కును. అదే ఋతువున చెరకు గానుగ లాడి, బెల్లపు సంతలు నిండును. నువ్వులు అంతకుముందే యిల్లు చేరి యుండును. అనకాపల్లి బెల్లపు విపణికి దేశమంతట ఖ్యాతి కలిగినదన్న, పరిసర గ్రామములలో ఈ నెలలందు గానుగ పొయ్యి ఆరకపోవుటయే కారణము. ఇట్లు ఇంటికి వచ్చిన ఈ మూడు పంటలను ఒక్కచోట చేర్చి నేతిలోనో నూనెలోనో వేచినది అరిసె. రైతు తన యేటి పంటను లెక్క చూచుకొను పద్ధతులు అనేకములు కలవు గాని, ఇంతకంటె రుచియైనది వేరొకటి లేదని నా నమ్మకము.

పిండిని నేతితో చేర్చి పక్వము చేసిన అపూపమను భక్ష్యము ఋగ్వేదకాలమునాటికే దేవతార్హమై యుండెను. పదునైదవ శతాబ్దినాటి క్రీడాభిరామమున, ఓరుగల్లు నగరమందలి పూటకూళ్ల యింటి భోజనమును వర్ణించు ఘట్టములో, గోధుమపిండి వంట ప్రసక్తి కలదు. రూక యిచ్చిన బాటసారికి సైతము అది దొరకుచుండెనన్నమాట. అయినను బియ్యపుపిండి తీపివంటలకు అన్నిటికంటె గట్టి సాక్ష్యము కావ్యములలో కాక, తిరుమల కొండమీది గోడలపై నున్నది. అరిసెకు తోబుట్టువైన అతిరసము అచటి శాసనములలో అప్పములు, వడలు మున్నగు ఇతర నివేదనలతో కలిసి, పడి యను పరిమాణముతో కనబడును. అధికభాగము తమిళమున నున్న ఈ శాసనములను దేవస్థానమువారు 1930ల దశకమున సంపుటములుగా ప్రకటించిరి. వానిని చదువునపుడు విజయనగరకాలపు వంటశాల కన్నులకు కట్టును. దాత భండారమున ధనము సమర్పించును. ఆ ధనముతో దేవస్థాన గ్రామములందు చెరువులును కాలువలును త్రవ్వింతురు. వానిచే హెచ్చిన పంటనుండి ఫలాని పర్వమునాడు స్వామికి ఇన్ని పడుల నివేదనము జరుగవలెనని, అందుకు బియ్య మింత, నెయ్యి యింత, తీపి యింత, మిరియము లింత యని కొలతలతో సహా శిలపై చెక్కింతురు. నివేదించిన ప్రసాదములో నాలుగవ వంతు దాతకు చెందవలెనను నియమముకూడ అందు కలదు. చెరువుగట్టునుండి బాణలిదాక ఒకే వాక్యమున నడచు ఇట్టి పాకశాస్త్రము మరియొకచోట నేను చూడలేదు.

దేవాలయపు అతిరసమునకు శిల దొరకినది. ఇంటి అరిసెకు చేయి యొక్కటియే దొరకినది. ఆ చేతి విద్య యెట్టిదో కొంచెము దగ్గరగా చూడవలెను. బియ్యమును ఒక రాత్రికి తక్కువ గాకుండ నానవేసి, నీరు వార్చి, తడి యారకముందే దంచి, జల్లించి, పిండిని అరచేత నొక్కి మూతపెట్టి యుంచుదురు. ఆరిన పిండితో అరిసె రాదు. కిలో బియ్యమునకు అరకిలో మొదలు ముప్పావు కిలో దాక బెల్లము పట్టును. ఆ బెల్లమును కొద్దినీటితో కరగించి, వడగట్టి, మరల పొయ్యిపై నుంచినది మొదలు వంటయింట మాటలు సన్నగిల్లును. పళ్లెములో చల్లనినీరు పోసి దానిలో ఒక బొట్టు పాకము వేయుదురు. అది నీటిలో కరగి చెదరినచో ఇంకను సమయము కాలేదు. వ్రేళ్లతో దగ్గరకు తీయగా మెత్తని యుండగా నిలిచినచో అదియే పదును. ఆ క్షణమున బాణలి దింపి, ఒకరు పిండి పోయుచుండ మరియొకరు తెడ్డుతో ఉండలు కట్టనీయక కలుపవలెను. పాకము లేతయైనచో అరిసె నూనెలో విరిసిపోవును. ముదిరినచో మరునాటికి పంటి కెదురుతిరుగును. కలిపిన చలిమిడిని నువ్వులలో నద్ది, ఆకుపై వ్రేళ్లతో తట్టి, వేచి, రెండు చెక్కల నడుమ నొత్తి నూనె దీసిన పిదప అది నెలదినములైనను చెడదు. గడియారము లేని యింట, ఉష్ణమాపకము లేని పొయ్యిపై ఈ పదును తరతరములుగా తప్పకుండుట సామాన్యమైన పాండిత్యము కాదు.

ఇంత బియ్యము దంచుకొను భాగ్యము తెలుగునాట అందరికి అన్ని కాలములందును లేదు. జొన్నయు సజ్జయు రాగియు నిత్యాహారమైన పల్నాట, రాయలసీమలో, తెలంగాణమందలి మెట్ట గ్రామములలో వరియన్నమే పండుగ వంటగా నుండెడిది. పల్నాటి జొన్నకూటినిగూర్చి శ్రీనాథుని పేర నడచు చాటువులు నేటికిని వినబడుచున్నవి. కోస్తాలోనైనను నీటికి నిలుకడ లేకుండెను. 1832-33లో గుంటూరు సీమను నిర్మూలించిన నందన కరువు తరువాత, కాటన్ దొర పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియగుటయు, కొలది సంవత్సరములకే బెజవాడ ఆనకట్ట నిలుచుటయు తటస్థించిన పిమ్మటనే డెల్టా గ్రామములలో కొత్తబియ్యము కుంచములతో కొలిచి నానవేయు స్థితి యేర్పడినది. మెట్టసీమలవారు మాత్రము తమ పంటను విడువలేదు. నువ్వులద్దిన సజ్జరొట్టె భోగినాటి భోజనముగా నేటికిని అచట నిలిచియున్నది.

తెలంగాణమున ఈ పండుగకు రాణి సకినము. నానిన బియ్యపుపిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు మాత్రమే కలిపి, నేలపై పరచిన తెల్లని వస్త్రముముందు వాడకట్టు స్త్రీలెల్లరు కూర్చుండి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని మెలిపెట్టుచు వలయముచుట్టు వలయముగా జారవిడుతురు. దీనికి అచ్చు లేదు, గొట్టము లేదు, వ్రేళ్లే సాధనము. ఒక యింటిపని ముగిసినపిదప అందరును మరియొక యింటికి పోవుదురు. తడి కొంత యారిన పిదప వస్త్రమునుండి విరుగకుండ లేపి నూనెలో వేయుదురు. సంప్రదాయపు సకినములలో మిరపకారము పడదు. మిరప పోర్చుగీసువారి నావలతో పదునారవ శతాబ్దమున మన తీరమునకు వచ్చినది. వేరుసెనగయు అమెరికా ఖండమునుండి వచ్చినదే, దాని సేద్యము ఈ సీమలలో విస్తరించినది పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున. ఓడదిగిన దినుసు ఒక్కటియు తనలో కలుపుకొనని ఈ వంట, నువ్వులనూనెలో వేగిన పాతకాలపు రుచికి మిక్కిలి దగ్గరనున్నదని నే ననుకొందును.

పండుగ దాటియు ఈ పిండివంటలు మన జీవితమున అల్లుకొనియున్నవి. గర్భిణికి కడుపు చలువకొరకు చలిమిడి యొసగుదురు. బిడ్డ బోర్లపడినపుడు బొబ్బట్లును, తొలియడుగు వేసినపుడు అరిసెలును వండి వాడలో పంచుదురు. కాపురమునకు పోవు కూతురి సారెలో ఇవి లేకున్నచో పుట్టింటికే చిన్నతనము. ఎడ్లబండి ప్రయాణములలో రోజులు గడచినను చెడని ఆహారము కావుటచే అరిసెకు ఆ గౌరవము దక్కినది.

నేడు రోలు మూలకు చేరి, తడిబియ్యము పిండిమరకు పోవుచున్నది. అది శ్రమను తగ్గించినది గనుక నేను దుఃఖింపను. తెల్లవారుజామున రోకలి పట్టిన స్త్రీల భుజముల నొప్పిని మరచి రోకటిపాటను మాత్రము స్మరించుట న్యాయము కాదు. అంగడిలో తూచి యమ్ము అరిసెయు మంచిదే. పోవుచున్నది వేరొకటి: ఏ యింటి కొలత ఆ యింటిదై, ఏ యూరి పేరు ఆ యూరిదై యుండిన వైవిధ్యము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు కవుల వర్ణనలనుండి జనుల భోజనపానములను ఏరి కూర్చిరి. కవులు వ్రాయని యిండ్లకు ఆ భాగ్యము లేదు. ఈ పుష్యమాసమున మీ యింట పాకము పట్టునపుడు, పట్టిన చేయి యెవరిదో, బియ్యమున కెంత బెల్లము పడినదో, మీ యూరిలో ఆ వంటనేమందురో ఒక పుస్తకమున వ్రాసి యుంచుడని పాఠకులను ప్రార్థించుచున్నాను.