రొయ్య బతికితే నీళ్ళు మంచివేనా?

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. పగడాలు నిలదొక్కుకున్నాయి, చేపలు బాగానే తిరుగుతున్నాయి, ఇక రొయ్యలు వేయొచ్చా? రామచంద్రాపురంలో మా ఇంట్లో ఉన్న తొట్టి ఒక కొలీగ్ అమెరికా వెళ్తూ రాళ్ళతో సహా ఇచ్చిపోయింది. కాబట్టి నాకు ఈ సందేహం ఇంకాస్త ఎక్కువ.

రొయ్యలతో అసలు చిక్కు రాగి. చేపలకి తెల్లమచ్చల జబ్బొస్తే రాగి మందు వేస్తారు. చేపలు తట్టుకునే మోతాదే రొయ్యల ప్రాణం తీస్తుంది. తమాషా ఏమిటంటే, మన రక్తంలో ఇనుము చేసే పని రొయ్య రక్తంలో రాగే చేస్తుంది. అయినా నీళ్ళలో కలిసిన రాగిని అది భరించలేదు. పైగా మందు నీళ్ళు పారబోసినా సున్నపు రాళ్ళు కొంత రాగిని పట్టేసుకుని, తర్వాత మెల్లగా వదులుతాయి. అంటే రొయ్య వేయాలా వద్దా అన్నదానికి జవాబు ఇవాళ్టి నీళ్ళలోనే కాదు, ఆ తొట్టి చరిత్రలో కూడా ఉంటుంది.

"ఇంత ఆలోచనెందుకు, ఒక చవక రొయ్యని వేసి చూడరాదూ?" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, సర్కారువారిదే! మన పర్యావరణ నియమాల్లో ఫ్యాక్టరీ వ్యర్థజలాలకి ఇలాంటి పరీక్షే ఉంది. శుద్ధి చేసిన నీళ్ళలో ఇంకేమీ కలపకుండా చేపల్ని వదలాలి. 96 గంటల తర్వాత నూటికి 90 బతికుంటే పాసు.

ఈ పరీక్ష ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలియాలంటే మా పక్కనున్న పటాన్‌చెరు చరిత్ర చూడాలి.

1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ మొదలైంది. మందుల కంపెనీలొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. వాటి మురుగు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకి చేరింది. బావులు పాడయ్యాయి, పొలాలు దెబ్బతిన్నాయి. డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. అలాంటప్పుడు పరీక్ష ఫెయిలైందని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు, వాసనే చెప్తుంది.

కానీ చేపలు చావకపోతే? అసలు కథ అక్కడుంది. 2007లో స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఆ శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్ళని వాళ్ళు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ కనపడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! రోజుకి సుమారు 45 కిలోలు పోతోందని వాళ్ళ లెక్క. అంటే స్వీడన్ దేశమంతా 5 రోజుల్లో వాడేంత మందు.

సిప్రోఫ్లాక్ససిన్ చంపేది బాక్టీరియాని, చేపల్ని కాదు. చావని బాక్టీరియా మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది. 2011లో ప్రచురించిన మరో పరిశోధనలో, ఆ వాగుల అడుగు మట్టిలో మందులకి లొంగని జన్యువులు విపరీతంగా ఉన్నాయని తేలింది. 96 గంటల చేపల పరీక్షకి ఇవేవీ కనపడవు. ఆ పరీక్ష అబద్ధం చెప్పదు, దాన్ని అడిగిన ప్రశ్నే చాలా చిన్నది. టెస్ట్ కేసులన్నీ పాసయ్యాక కూడా ప్రొడక్షన్‌లో ఏం జరుగుతుందో మనకి వేరే చెప్పాలా?

నా తొట్టికీ ఇదే వర్తిస్తుంది. రొయ్య బాగా నాజూగ్గా ఉండేది కుబుసం విడిచినప్పుడు. నాలుగు రోజుల్లో ఆ ఘడియ రాకపోవచ్చు. అందుకని కొలీగ్‌కి మెయిల్ రాసి అడిగా. రాగి మందు వేశాడో లేదో గుర్తులేదన్నాడు. సరే, కొత్త రాళ్ళు పెట్టి, రాగి టెస్ట్ కిట్‌తో కొన్ని వారాలు చూసేదాకా రొయ్యలు లేవు. డబ్బు కొంచెం ఎక్కువవుతుంది, అంతే.

వాగుల విషయం అంత తేలిక కాదు. 2020 జనవరిలో కేంద్రం మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. మనలో ఎంతోమంది ఆ కంపెనీలకే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. బ్యాచ్ రికార్డుల్లో ప్రతి గ్రాము మాత్రకీ లెక్కుండేలా రాస్తాం. బయటికి పోయే నీళ్ళలో ఎన్ని గ్రాములున్నాయో చెప్పే కాలమ్ ఒకటి అడగడం మరీ పెద్ద కోరికంటారా?