టిక్కెట్టు లేని పాట

సెలవు రోజు వచ్చిందంటే మనకు తోచేది సినిమా. టిక్కెట్లు, ఆటో, పిల్లల చిరుతిళ్ళు లెక్క వేసుకునేసరికి సగం ఉత్సాహం చల్లారిపోతుంది. పైసా ఖర్చు లేకుండా రోజంతా పాట వినే చోటు ఒకటుంది, చెప్పనా?

ఇల్లెందు నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో టేకులపల్లి వుంది. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అడవి అంచున కోయ గూడేలు, లంబాడీ తండాలు. కోయవారు ఇలవేల్పులకు కొలుపు చేసినప్పుడు డోలీలు వచ్చి పాడతారు. డోలీలు కోయల్లోనే ఒక శాఖ. పెద్ద డోలు, కొమ్ము, కంచు తాళాలు వాళ్ళ వాద్యాలు.

మొదటిసారి విన్నప్పుడు నాకది చెవులదిరే మోతలాగే తోచింది. పక్కనున్న పెద్దావిడ నవ్వి, "పాట గాదమ్మా, మా తాతల లెక్క జెప్తాండు" అన్నది. నిజమే! బొమ్మలున్న పొడవాటి గుడ్డ, దాన్ని పడిగె అంటారు, ఎదుట పెట్టుకుని ఏ గట్టువారు ఎవరి సంతతి, ఏ వేల్పు ఎవరిదీ వరుసగా చెబుతారు. మనకు పుస్తకం ఎలాగో వాళ్ళకు పడిగె అలాగ.

కాకతీయుల కథ మనకు తెలుసు. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం నేటికీ చదువుకుంటున్నాం. రుద్రమదేవి పేరు చెబితే ఆడవాళ్ళమంతా పొంగిపోతాం. ఆవిడ మనవడే ప్రతాపరుద్రుడు. కరువుకాలంలో కప్పం కట్టలేని మేడారం కోయల మీదికి ఆయన సేన వచ్చిందనీ, సమ్మక్క, కూతురు సారలమ్మ కత్తిపట్టి ఎదిరించారనీ, కొడుకు జంపన్న వాగులో పడి ప్రాణం విడిచాడనీ జనం చెప్పుకునే కథ. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడలేదట; కుంకుమ భరిణె దొరికిందట. చూశారా! ఒక వీరనారిని రాయి దాచింది. మరొక వీరనారిని పాట దాచింది.

అందుకే మేడారంలో విగ్రహం లేదు. రెండేళ్ళకొకసారి మాఘ పున్నమి వేళ నాలుగు రోజుల జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల మీదికి వస్తారు. మొక్కుబడికి ఇచ్చే బెల్లాన్ని బంగారమంటారు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

జాతర పెరిగింది, సంతోషమే. కాని కథ తెలిసిన గొంతులు? మణుగూరు దగ్గర కూనవరం వాసి సకినె రామచంద్రయ్య కోయలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. రాతి శాసనం వానకు తడిసినా నిలుస్తుంది. పాట అలా కాదు, నేర్చుకునేవాడు లేకపోతే ఆ గొంతుతోనే పోతుంది. నేర్చుకోవాలంటే పిల్లవాడికి అది విలువైనదని తోచాలి. మనం దాన్ని మోత అనుకుంటున్నంతకాలం అలా తోస్తుందా?

కనుక యీసారి సెలవుకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. కొలుపయితే గూడెం పెద్దలను ముందు అడగండి. అది వాళ్ళ పూజ, మన వినోదం కాదు. సెల్‌ఫోను సంచిలో పెట్టి కాసేపు కూర్చోండి. "ఏం చెబుతున్నారమ్మా?" అని పిల్లలడిగితే "అమ్మమ్మల కథ" అని చెప్పండి. ఇంటికొచ్చాక ఆ కథ మళ్ళీ మీరు చెప్పాలి సుమా!