పిల్లలు తీయలేని మూతల చరిత్ర

మందులు, ఇంట్లో వాడే విషపదార్థాలు ఉన్న డబ్బాను చిన్నపిల్లలు తెరవలేకుండా, పెద్దలు మాత్రం సులువుగా తెరిచేలా తయారుచేసే పద్ధతిని చైల్డ్ రెసిస్టెంట్ ప్యాకేజింగ్ అంటారు. ఇందులో పిల్లల్ని ఆపడం సగం పనే. ఎవరికీ ఊడిరాని మూత చేయడం ఏమంత గొప్ప కాదు. వేళ్ల కీళ్లు బిగిసిన మనిషికి కూడా ఊడిరావాలి. లేకపోతే ఆ మనిషి ఒకసారి తీసిన మూతను మళ్లీ పెట్టరు, అప్పుడు పిల్లలకూ రక్షణ ఉండదు. యాభై ఏళ్ల పైబడిన ఈ చరిత్రలో తయారీదారులు, చట్టాలు చేసినవాళ్లు ఆలస్యంగా ఒప్పుకున్న సంగతి ఇదే.

అమెరికాలో తొలి ప్రయత్నం అచ్చు అక్షరాలతో మొదలైంది. కాస్టిక్ సోడా లాంటి ఘాటు క్షారాలు మింగి అన్నవాహిక కాలిపోయిన పిల్లలకు చికిత్స చేసిన గొంతు వైద్యుడు షెవాలియర్ జాక్సన్ పట్టుబట్టగా 1927లో ఒక చట్టం వచ్చింది. అలాంటి డబ్బాల మీద విషమని హెచ్చరిక వేయాలన్నది దాని సారాంశం. చదువురాని పసివాళ్లకు దానితో ఒరిగేదేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నారింజ రుచితో పిల్లల ఆస్పిరిన్ బజారుకొచ్చింది. మందు తినడానికి మారాం చేసే పిల్లల కోసం చేసిన ఆ మాత్రల్ని పిల్లలు చాక్లెట్లలా సీసాలకు సీసాలు ఖాళీ చేశారు. 1953లో షికాగోలో తొలి విషచికిత్సా సమాచార కేంద్రం ఏర్పడింది. ఇలాంటి కేంద్రాలకు వచ్చిన కేసుల్లో ఆస్పిరిన్‌ది పెద్ద వాటా.

మలుపు కెనడాలో వచ్చింది. ఒంటారియోలోని విండ్సర్ నగరంలో హెన్రీ బ్రో అనే పిల్లల వైద్యుడు ఆసుపత్రితో పాటు విషచికిత్సా కేంద్రాన్నీ చూసుకునేవాడు. మందులు జాగ్రత్తగా దాచండని తల్లిదండ్రులకు ఎంత చెప్పినా కేసులు తగ్గకపోవడంతో ఆయన దృష్టి మూత మీదికి మళ్లింది. పీటర్ హెడ్జ్‌విక్ అనే తయారీదారు సాయంతో 1967లో అరచేతితో నొక్కి తిప్పే మూత తయారైంది. విండ్సర్ ప్రాంతంలో దాన్ని వాడాక పిల్లలు మందులు మింగిన సంఘటనలు 91 శాతం తగ్గాయి. 1974లో ఒంటారియో దాన్ని తప్పనిసరి చేసింది.

ఈ రకం మూతల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రెండు పొరలది. లోపలి మూతకు మరలుంటాయి, బయటిది దానిమీద వదులుగా కూర్చున్న తొడుగు. ఊరికే తిప్పితే తొడుగొక్కటే టకటకమంటూ తిరుగుతుంది. కిందికి నొక్కితే రెండింటి పళ్లూ ఒకదానిలో ఒకటి పడి, మర వదులవుతుంది. మూసేటప్పుడు నొక్కనక్కర్లేదు, పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఆ దిశలో వాటంతట అవే పట్టుకుంటాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలు నొక్కగలరు, తిప్పగలరు. నొక్కు వదలకుండా తిప్పడమే చాలామందికి ఇంకా పట్టుబడదు. మూతను బిగువుగా చేయడం కన్నా ఈ ఉపాయం ఎంతో మేలు, ఎందుకంటే బిగువు పిల్లలకన్నా ముందు ముసలివాళ్లను ఓడిస్తుంది.

అమెరికాలో 1970 డిసెంబరు 30న ఈ ప్యాకింగ్‌పై చట్టం వచ్చింది. 1972లో ఆస్పిరిన్‌కు, 1974లో డాక్టరు చీటీతో ఇచ్చే నోటి మందులకు వర్తించింది. డబ్బా పరీక్షలో నెగ్గిందో లేదో మొదట తేల్చేది పిల్లలే. 42 నుంచి 51 నెలల వయసు పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి చెరొక డబ్బా ఇచ్చి తెరవమంటారు. 5 నిమిషాలయ్యాక పరీక్ష పెట్టేవాళ్లు ఒకసారి తీసి చూపిస్తారు, పళ్లతో తీసినా ఫరవాలేదని చెబుతారు. మరో 5 నిమిషాలు గడువు. చూపించక ముందు కనీసం 85 శాతం, మొత్తం మీద కనీసం 80 శాతం పిల్లలు తీయలేకపోవాలి. అంటే అయిదుగురిలో ఒకరు తీసినా డబ్బా నెగ్గినట్టే. ఈ మూత ఉందన్న ధీమాతో సీసాను మంచం పక్కన వదిలేసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

పెద్దల పరీక్ష మొదట్లో 18 నుంచి 45 ఏళ్ల వాళ్లతోనే జరిగేది. రోజూ గుప్పెడు మాత్రలు వేసుకునే వయసువాళ్లు అందులో లేనేలేరు. చేతి బలం కోరే మూతలు అలా సులువుగా గట్టెక్కాయి. కావాలని అడిగినవాళ్లకు చీటీ మందును మామూలు మూతతో ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్‌కు మినహాయింపే ఇచ్చారు, అక్కడ క్షణాలు లెక్క. మూతతో కుస్తీ పడలేక సీసాలు తెరిచే ఉంచేస్తున్నారని, ధీమాతో జాగ్రత్త సడలుతోందని ఆర్థికవేత్త కిప్ విస్కుసి 1984లో వాదించాడు. ఆ వాదన మీద తగువు ఇంకా తీరలేదు. 1974 నుంచి 1992 వరకు చీటీ మందుల విషయంలో ఈ ప్యాకింగ్ సుమారు 460 మంది పిల్లల ప్రాణాలు కాపాడిందని 1996లో వచ్చిన మరో విశ్లేషణ అంచనా వేసింది.

1995లో పెద్దల పరీక్ష నిబంధన మార్చారు, 1998లో అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 50 నుంచి 70 ఏళ్ల మధ్యవాళ్లు 100 మంది, అందులో 70 మంది స్త్రీలు, డబ్బా తెరవాలి. మొదట 5 నిమిషాల గడువు, తరవాత ఒక్క నిమిషంలో తీసి మళ్లీ మూయాలి. 90 శాతం మంది నెగ్గాలి. అయితే పైకి కనిపించే వైకల్యం ఉన్నవాళ్లను ఈ పరీక్షలోకి తీసుకోరు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన మనిషి నేటికీ లెక్కకు బయటే.

మాత్రల షీట్లకు కొలత వేరు. ఒక్కో మాత్రకూ ఒక్కో గది ఉంటుంది కాబట్టి ఎనిమిది కన్నా ఎక్కువ మాత్రలు బయటికి తీస్తే, లేదా ప్రమాదకరమైన మోతాదు చేతికి చిక్కితే, ఆ పిల్లాడి చేతిలో షీటు ఓడినట్టు. మన మందుల షాపుల్లోని మామూలు షీటులో వెనకనుంచి నొక్కితే రేకు చిరిగి మాత్ర వచ్చేస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి అమెరికాకు వెళ్లే మాత్రల్లో చాలా వాటిని మాత్రం నొక్కి తిప్పే మూతల సీసాల్లో పంపుతారు.

ఈ చట్టాలన్నీ ప్యాకింగ్ చేసే కంపెనీని పట్టుకుంటాయి. కొలిచి పోసే సరుకు విషయంలో పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. రేషన్ షాపులో కిరోసిన్ పోయించుకున్న రోజుల్లో అది కూల్‌డ్రింకు సీసాలోనో, పాత డబ్బాలోనో ఇంటికొచ్చేది. బళ్ల మీద అమ్మే ఫినాయిల్, యాసిడ్ ఇప్పటికీ పాత నీళ్ల సీసాల్లో దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలో 1990ల్లో ఈ చిక్కునే ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. పిల్లలు తీయలేని మూతలున్న ఖాళీ డబ్బాల్ని నేరుగా ఇళ్లకే పంచారు. కిరోసిన్ తాగి ఆసుపత్రికి వచ్చే పిల్లల సంఖ్య ఆ ప్రాంతాల్లో దాదాపు సగానికి పడిపోయింది.