స్పెయిను దేశదర్శనము : యాత్రాగ్రంథములు, చలనచిత్రములు

ఒక దేశమును కన్నులార చూడక పూర్వమే దానినిగూర్చిన రూపమొకటి మన మనస్సున నిలిచియుండును. ఆ రూపమును నిలుపునవి గ్రంథములు. ఇరువదవ శతాబ్దినుండి చలనచిత్రములును. స్పెయిను విషయమున ఆ రూపమెట్టిదో చెప్పుట కష్టము కాదు. గుఱ్ఱపులాడమువంటి కమానులు, సున్నము కొట్టిన తెల్లని గోడలు, నారింజతోటలు, గిటారు, వృషభయుద్ధము, కొప్పున ఎఱ్ఱని పూవు దాల్చిన నర్తకి. ఇవి అసత్యములు కావు. కాని ఇవి ముఖ్యముగా దక్షిణమందలి ఆందలూసియా ప్రాంతమునకు చెందినవి. ఉత్తరమున గలీసియా, అస్తూరియాస్ సీమలు వానలతో పచ్చగా నుండును. దేశపు నడిమి భాగము సముద్రమట్టమునకు సుమారు 600, 700 మీటర్ల ఎత్తున నున్న పీఠభూమి. అచట చెట్లు తక్కువ, వేసవి యెండయు శీతకాలపు చలియు రెండును తీవ్రములు. కాస్తీలు సీమ ఈ పీఠభూమిపైనే విస్తరించియున్నది. దేశమంతటను నేడు వాడుకలోనున్న భాషకు ఆ సీమ పేరే గలదు. అట్లయ్యును చిరకాలము ప్రపంచము కాస్తీలును విడిచి ఆందలూసియానే స్పెయినుగా నెంచినది.

ఈ ఎన్నిక ఎవరు చేసిరి, దాని ఫలితమేమి అనునది ఇచట విచార్యము. ఆ చిత్రము కాగితముపైనను తెరపైనను నిలిచిపోక, కట్టడముల రాళ్లను, పల్లెవాసుల బ్రతుకులను గూడ తాకినదని నా అభిప్రాయము.

గ్రనాడా నగరమందలి అల్హంబ్రా కోటతో ఈ కథ మొదలగును. నస్రీ వంశపు సుల్తానులు కట్టించిన ఈ ప్రాసాదసముదాయము 1492లో గ్రనాడా పతనముతో క్రైస్తవరాజుల వశమైనది. అందు మిక్కిలి ప్రసిద్ధమైన సింహాంగణమును అయిదవ ముహమ్మదు తన రెండవ పరిపాలనాకాలమున, అనగా 1362కును 1391కిని నడుమ, కట్టించెను. కాలక్రమమున కోట శిథిలమైనది. 1812లో ఫ్రెంచి సేనలు వెడలిపోవుచు కొన్ని బురుజులను మందుగుండుతో పేల్చివేసినవి. పేదలు ఆ శిథిలములలో కాపురముండిరి. 1829లో అమెరికా గ్రంథకర్త వాషింగ్టన్ ఇర్వింగు అచటికి వచ్చి, అనుమతి పొంది, ప్రాసాదముననే కొన్ని వారములు నివసించెను. ఆ నివాసఫలముగా 1832లో వెలువడిన అల్హంబ్రా కథల సంపుటమున చరిత్రయు, జనుల నోట వినిన గాథలును, గ్రంథకర్త కన్నులారా చూచిన దృశ్యములును ఒకదానితో నొకటి కలసిపోయినవి. గ్రంథము మనోహరమే. అయితే అందు నిధులకు, శాపములకు, వెన్నెలకు దొరకిన చోటు ఆ కట్టడమును నిలిపిన పనివారి విద్యకు దొరకలేదు.

అటుపిమ్మట ఫ్రెంచి రచయిత థియొఫీల్ గోతియే 1840లో స్పెయినున సంచరించి యాత్రాగ్రంథము వ్రాసెను. 1845లో మెరిమే కార్మెన్ కథను ప్రకటించెను. 1875లో బిజే దానిని సంగీతనాటకముగా కూర్చెను. బిజే స్పెయినును చూడనేలేదు. కార్మెన్ మాత్రము లోకమునకు స్పెయిను స్త్రీకి మాఱుపేరైనది! ఇర్వింగు మొదలు బిజే వఱకు వీరిలో ఒక్కడును ఆ దేశస్థుడు కాడు.

ఈ వరుసలో రిచర్డు ఫోర్డు అను ఆంగ్లేయుని వేఱుగా నెన్నవలెను. ఇతడు 1830 మొదలు 1833 వఱకు భార్యాబిడ్డలతో ఆందలూసియాయందు నివసించి, గుఱ్ఱముపై దేశమంతయు తిరిగి, 1845లో రెండు సంపుటముల యాత్రికదర్శినిని ప్రకటించెను. దారుల స్థితి, సత్రములలోని నల్లుల బాధ, ఎస్త్రెమదూరా సీమ పందిమాంసపు రుచి, ఏ గుడిలో ఏ పటము గలదో ఆ వివరము, అన్నియు అందున్నవి. దురభిమానములును గలవు; ముఖ్యముగా ఫ్రెంచివారిపై అతని కోపము హద్దు మీఱినది. అయినను చరిత్రపరిశోధకునకు ఇర్వింగుకంటె ఫోర్డే ఎక్కువ ఉపకరించునని చెప్పుటకు నేను సందేహింపను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర చేసినది సరిగా ఆ కాలముననే, 1830, 31 సంవత్సరములలో. మజిలీల నడుమ దూరము, నీటి వసతి, దొరకు వస్తువులు విడువక వ్రాసిన ఆ గ్రంథమును చదివినవారికి ఫోర్డు పద్ధతి క్రొత్తగా తోచదు.

అల్హంబ్రాకు కీర్తి తెచ్చినది అక్షరము మాత్రమే కాదు. ఓవెన్ జోన్సు అను ఆంగ్ల శిల్పియు, జూల్ గూరీ అను ఫ్రెంచి శిల్పియు 1834లో గ్రనాడా చేరి గోడలపై నగిషీలను కొలిచి, అచ్చులు తీసి, చిత్రించిరి. గూరీ ఆ యేడే అచటనే కలరా సోకి మరణించెను. జోన్సు పనిని ముగించి, 1836 మొదలు 1845 వఱకు రంగుల రాతియచ్చు పటములతో మహాగ్రంథమును వెలువరించెను. తరువాత 1854లో లండను చెంత సిడెన్‌హాములో తిరిగి కట్టబడిన స్ఫటికసౌధమున అల్హంబ్రాంగణమొకటి అతని చేతిమీదుగా నిర్మింపబడినది. పుస్తకమున నున్న పటము గోడయై లేచినది. 1936 నాటి అగ్నిప్రమాదమున ఆ సౌధముతోబాటు అదియు నశించినది.

అంతకంటె విచిత్రమైన సంగతి గ్రనాడాలోనే జరిగినది. ఐరోపావాసులు ఆ ప్రాసాదమును ప్రాచ్యస్వప్నముగా భావించుచుండగా, మరమ్మతులు చేయువారును ఆ స్వప్నమునకు అనుగుణముగానే చేయసాగిరి. 1859లో రఫాయేల్ కొంత్రేరాస్ సింహాంగణపు తూర్పు మండపముపై మెఱుగుపెంకులతో గుండ్రని గుమ్మటమొకటి నిలిపెను. నస్రీ శిల్పులు అచట అట్టి గుమ్మటము కట్టియుండలేదు. కాని యాత్రికులు చూడగోరినది అదియే. తరువాతి ఛాయాపటములలో అదియే ప్రాచీనమై కనబడినది. 1923లో కోటకు సంరక్షకశిల్పిగా వచ్చిన లెయొపోల్దో తోర్రెస్ బల్బాస్ ఉన్నదానిని కాపాడవలెను గాని ఊహించి కట్టరాదను మతమువాడు. అతడు 1934లో ఆ గుమ్మటమును తీసివేయించి, నాలుగు వాలుల పెంకుటికప్పు వేయించెను. పురజనులలో కొందఱు తీవ్రముగా ఆక్షేపించిరి. డెబ్బదియైదేండ్లు చూచిన రూపము వారికి నిజరూపమైపోయినది. కట్టడము చరిత్రకును, దానినిగూర్చిన చూపు చరిత్రకును భేదమెంతయో ఈ ఒక్క యుదాహరణము తేటపఱచును.

ఇక స్పెయినువారు తమ దేశమును తామెట్లు చూచిరి? ఫ్రాన్సిస్కో హినేర్ దె లోస్ రియోస్ 1876లో మాద్రిదునందు స్వతంత్ర విద్యాసంస్థను నెలకొల్పి, విద్యార్థులను గ్వాదర్రామా కొండలకు కాలినడకను తీసికొనిపోయెడువాడు. భూమి పొరలు, చెట్ల జాతులు, పాత గుడులు పాఠ్యాంశములైనవి. పాఠశాల నడకనుండి సాహిత్యమున కాస్తీలు పుట్టినదనిన అతిశయోక్తి కాదేమో! 1905లో ఆసోరీన్ లా మాంచా పల్లెలలో తిరిగి దోన్ కిహోతే దారినిగూర్చి పత్రికకు లేఖలు వ్రాసెను. 1912లో అంతోనియో మచాదో కాస్తీలు పొలములపై కవితాసంపుటి వెలువరించెను; ఉపాధ్యాయుడుగా నుండిన సోరియా పట్టణపు బీడుకొండలు, ద్వేరో నది, దాని యొడ్డుచెట్లు అందు కనబడును. నారింజతోటలు లేని స్పెయిను ఆ విధమున సాహిత్యమునకెక్కినది. ఇందును ఎన్నిక లేకపోలేదు. వీరు కాస్తీలు ఎండుదనమున దేశపు ఆత్మను వెదకిరి. ఆ ఎండుదనమున కూడు లేని రైతు వీరి వాక్యములలో పలుమాఱు దృశ్యమున కలిసిపోయెను.

ఆ రైతును తెరపైకి తెచ్చినవాడు లూయిస్ బున్యుయెల్. ఎస్త్రెమదూరా ఉత్తరభాగమున లాస్ ఉర్దెస్ అను కొండసీమ గలదు. దారిద్ర్యమునకు పేరుపడిన ఆ సీమను 1922లో పదుమూడవ అల్ఫోన్సో రాజు స్వయముగా దర్శించెను. 1927లో మోరిస్ లజాంద్ర్ అను ఫ్రెంచి పండితుడు దానిపై బృహద్గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథమే బున్యుయెలునకు ఆధారము. రమోన్ అసీన్ అను మిత్రుడు లాటరీలో గెలిచిన ధనము పెట్టుబడి. 1933లో తీసిన ఈ చిత్రము అరగంటకు తక్కువ నిడివిగలది. యాత్రాచిత్రముల ధోరణిలో ఉదాసీనమైన కంఠమొకటి ఆకలిని, రోగమును, మరణమును వర్ణించుచు పోవును. ప్రభుత్వము దానిని నిషేధించినది. అసీన్ 1936లో అంతర్యుద్ధారంభమున కాల్చి చంపబడెను.

ఈ చిత్రమును సత్యదర్శనమని కొనియాడువారు ఒక సంగతిని మఱువరాదు. కొండ కొమ్మునుండి మేక కాలుజాఱి పడు దృశ్యమున, తెర యొక అంచున తుపాకి పొగ స్పష్టముగా కనబడును. మేక పడలేదు, పడగొట్టబడినది. యాత్రాచిత్రముల కృత్రిమత్వమును వెక్కిరించుటకే దర్శకుడు అట్లు చేసెనని విమర్శకులందురు. కావచ్చును. కాని ఆ సీమవాసులకు ఆ వెక్కిరింత ఎట్లు తెలియును? లోకము తమను చూచినది ఆ చిత్రముననే యని వారు చిరకాలము నొచ్చుకొనిరి. ఇర్వింగు వెన్నెలలో ముంచిన పేదలకును, బున్యుయెల్ చీకటిలో ముంచిన పేదలకును తమ చిత్రమును దిద్దుకొను అవకాశము సమానముగనే లేకపోయినది.

ఇరువది యేండ్ల పిమ్మట లూయిస్ గార్సీయా బెర్లాంగా ఈ సమస్యను నవ్వులాటగా మార్చెను. 1953లో విడుదలైన మార్షలు దొరకు స్వాగతము చెప్పు చిత్రమున, ఒక కాస్తీలు పల్లెకు అమెరికా అధికారులు వచ్చుచున్నారని వార్త వచ్చును. విదేశీయులకు స్పెయిననగా ఆందలూసియాయే కనుక పల్లెవారు వీధికి ఆందలూసియా ముఖము అతికింతురు. ఆ సీమ టోపీలు, పూలబట్టలు ధరింతురు. కార్లు ఆగక దుమ్ము రేపుచు వీధిగుండ పోవును. ఖర్చు మాత్రము పల్లెవారి నెత్తిపై పడును. చిత్రీకరణము మాద్రిదునకు ఉత్తరమందలి గ్వాదలీష్ దె లా సియేర్రా అను నిజమైన పల్లెలో జరిగినది. నిజముగా మార్షలు సహాయము స్పెయినునకు అందలేదు. ఆ యేడే సెప్టెంబరులో సైనికస్థావరముల ఒప్పందము మాత్రము కుదిరినది. 1960 తరువాత ప్రభుత్వమే స్పెయిను విలక్షణమైనదను నినాదముతో యాత్రికులను పిలిచినపుడు, బెర్లాంగా పరిహాసము దాదాపు రాజ్యవిధానమైనట్లు తోచును.

చూపబడుటయే పల్లెవారి వంతు కాని కాలము ఒకటి స్వల్పముగా నడచినది. 1931లో గణతంత్ర ప్రభుత్వము హినేర్ శిష్యుడైన కొస్సీయో అధ్యక్షతన విద్యాప్రచార సంఘమును స్థాపించినది. యువకులు కంచరగాడిదలపై చలనచిత్రయంత్రమును, ప్రాదో చిత్రశాల పటముల నకళ్లను, పుస్తకపు పెట్టెలను మోసికొని దారి లేని ఊళ్లకు పోయిరి. పెట్టెకు నూఱు పుస్తకముల చొప్పున 5000కు పైగా గ్రంథాలయములు పంపబడినవి. సముద్రమును చూడని కాస్తీలు రైతులు తెరపై సముద్రమును చూచిరి. గ్రనాడావాసియైన హోసే వాల్ దెల్ ఒమార్ ఈ బృందములకు ఛాయాచిత్రకారుడు. అతడు తెరకు వీపు త్రిప్పి, చూచువారి ముఖములను చిత్రించెను. నోరు తెఱచిన ముసలివారు, ఒకరి భుజముపై నొకరు వ్రాలిన పిల్లలు ఆ పటములలో నున్నారు. అతడు అప్పుడు తీసిన చలనచిత్రములు పెక్కు నేడు లభింపవు.

అదే వాల్ దెల్ ఒమార్ 1955లో గ్రనాడాపై లఘుచిత్రమొకటి పూర్తిచేసెను. అందు గాథలు లేవు, నీరే నాయకము. దార్రో నదినుండి సుమారు ఆరు కిలోమీటర్ల దూరము వాలు చెడకుండ కొండ ప్రక్కగా త్రవ్వి తెచ్చిన పదుమూడవ శతాబ్దపు కాలువ లేనిదే అల్హంబ్రాలో ఒక్క ధారయు చిమ్మదు. ఇర్వింగు గ్రంథమున మఱుగుపడిన పనివారి విద్య ఈ చిత్రమున ముందునకు వచ్చినదని నాకు తోచినది.

సింహాంగణమందలి పండ్రెండు సింహములను బాగుచేయుటకై 2002లో మొదలైన పని 2012లో ముగిసినది. అప్పుడు అంగణపు కంకర నేలను తీసి, తెల్లని చలువరాతి పలకలు పఱచిరి. 1494లో, అనగా పతనమైన రెండేండ్లకే, గ్రనాడా చూచిన జర్మను వైద్యుడు మున్‌త్సెర్ తన లాటిను యాత్రాలేఖనమున ఈ ప్రాసాదముల తెల్లని చలువరాతి నేలను మెచ్చుకొనియున్నాడు. 1502లో వచ్చిన లలెంగ్ అను ఫ్లాండర్సు ప్రభువు మాత్రము ఆ అంగణముననే నారింజచెట్ల నీడను వర్ణించెను.