గాలి వడి, గాలి తాకిడి

తుఫాను హెచ్చరికలలో గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగముతో ఈదురుగాలులు వీచునని మేము చదువుచుందుము. ఒంగోలుకు తూర్పున, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న కొత్తపట్నములో, పడవను మెరకకు లాగవలెనా, ఇల్లు విడువవలెనా అని తలపోయువానికి ఆ అంకె ఒక్కటే చాలదు. వడి వేరు, తాకిడి వేరు. వాటి సంబంధము తేలుటకు ఐరోపా పండితులకు ఒక తరమునకు పైగా పట్టినది.

ఫ్రెంచి తాత్త్వికుడు డేకార్టు 1644లో వెలువరించిన గ్రంథమున వస్తు పరిమాణమును వడితో గుణించి, చలనరాశి అనెను. లోకములో అది తరుగదు, పెరుగదు అని ఆయన మతము. ఆలోచన గొప్పదే, దిక్కు మాత్రము లెక్కకు రాలేదు. సమానమైన రెండు మట్టిముద్దలు సమానమైన వడితో ఎదురెదురుగా వచ్చి, ఢీకొని నిలిచిపోయినచో ఆ రాశి ఎచటికి పోయినట్లు? 1668-69లో లండను రాయల్ సొసైటీ కోరగా వాలిస్, రెన్, హైగెన్స్ అను మువ్వురు ఢీకొనుటను గూర్చి తమ సూత్రములను పంపిరి. ఒక దిక్కును ధనముగా, ఎదురు దిక్కును ఋణముగా గణించినచో ముద్దల లెక్క ముందును సున్న, తరువాతను సున్న. 1687లో న్యూటను, ద్రవ్యరాశిని వేగముతో గుణింపగా వచ్చునది చలనరాశి అని స్థిరపరచెను. నేటి మన పాఠ్యపుస్తకములలోని ద్రవ్యవేగము ఇదియే. వేగము రెట్టింపైన అదియు రెట్టింపగును, అంతకు మించదు.

మరి గాలి మాటేమి? ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. గంటకు 36 కిలోమీటర్లనగా సెకనుకు 10 మీటర్లు; చదరపు మీటరు తలుపుపైకి సెకనుకు 12 కిలోల గాలి వచ్చును. వేగము 180 అయినచో 60 కిలోలు వచ్చును. ప్రతి కిలో తెచ్చు ద్రవ్యవేగమును ఐదు రెట్లగును. ఐదైదులు ఇరువదియైదు! గాలి కొంత ప్రక్కలకు జారిపోవును గాని, ఈ నిష్పత్తి తప్పదు. ఆంగ్ల ఇంజనీరు స్మీటను 1759లో ప్రకటించిన గాలి పట్టిక ఈ వర్గసూత్రము మీదనే నిలిచినది.

ఇక దిక్కు. 1977 నవంబరు 19న వచ్చిన తుఫాను చీరాల సమీపమున తీరము దాటినది. మన అర్ధగోళములో తుఫాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగును. కనుక కేంద్రమునకు కుడిప్రక్కన ఉన్న దివిసీమపైకి గాలి కడలి నుండి వీచి, నీటిని నెట్టుకొని వచ్చినది. సుమారు 5 మీటర్ల ఉప్పెన లేచినది. ఆ తుఫానులో దాదాపు 10,000 మంది మరణించిరి. కొత్తపట్నము ఎడమప్రక్కన ఉన్నది. అటు గాలి నేల నుండి కడలికి వీచును. అట్టి గాలి పైకప్పును ఎగురగొట్టగలదు గాని, సముద్రమును ఊరిమీదికి తేదు. కేంద్రము కొత్తపట్నమునకు దక్షిణముగా దాటిననాడు ఆ యూరే కుడిప్రక్కన పడును. అప్పుడు పడవను మెరకకు లాగిన చాలదు, ఇల్లు విడిచి పోవలెను.