మెదడు రక్తనాళాల చికిత్స: ముందుగా కంప్యూటర్ తెరపై ప్రణాళిక

మెదడులోని ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడాన్ని వైద్య పరిభాషలో ఎన్యూరిజం అంటారు. వయోజనుల్లో సుమారు 3 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. వీటిలో అధిక భాగం జీవితాంతం పగలకుండానే ఉండిపోతాయి. పగిలితే మాత్రం మెదడు చుట్టూ రక్తస్రావమై ప్రాణాపాయం ఏర్పడుతుంది. చికిత్సలోనూ కొంత ప్రమాదం ఉన్నందున, ఎవరికి చికిత్స చేయాలి, ఏ పరికరం అమర్చాలి అనే నిర్ణయాలు కీలకమైనవి. ఈ నిర్ణయాలకు కంప్యూటర్ నమూనాలు ఇప్పుడు తోడ్పడుతున్నాయి.

పుర్రె తెరవని చికిత్స

ఈ విధానంలో తొడ మూలం లేదా మణికట్టు వద్ద ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే చిత్రాల సాయంతో మెదడు వరకు చేరుస్తారు. గుగ్లీల్మీ రూపొందించిన ప్లాటినం కాయిల్‌ను 1990లో తొలిసారి రోగికి అమర్చారు. ఉబ్బును కాయిళ్లతో నింపితే అందులోకి రక్తం చేరడం తగ్గుతుంది. పగిలిన ఎన్యూరిజం గల 2,143 మందిపై జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత మరణం లేదా పరాధీనత కాయిల్ పొందినవారిలో 23.7 శాతంగా, శస్త్రచికిత్స పొందినవారిలో 30.6 శాతంగా నమోదైంది.

కొలతల చిక్కు

వెడల్పాటి మెడ గల ఉబ్బులకు ఫ్లో డైవర్టర్ అనే అల్లిక గొట్టాన్ని వాడతారు. 2011లో అమెరికా దీనికి అనుమతినిచ్చింది. దీనిని ఉబ్బు లోపల కాక, ధమనిలోనే ఉబ్బు మెడకు అడ్డంగా అమరుస్తారు. లోపలి ప్రవాహం మందగించి, రక్తం గడ్డకట్టి, కొన్ని నెలల్లో ఉబ్బు మూసుకుపోతుంది.

అల్లిక కావడంతో దీని పొడవు స్థిరంగా ఉండదు. ఇరుకైన నాళంలో సాగుతుంది, వెడల్పైన చోట కురచబారుతుంది. కురచైతే ఉబ్బు మెడ పూర్తిగా కప్పబడదు. అతిగా సాగితే పక్క శాఖలను కప్పవచ్చు. వంకర నాళంలో దీనిని కంటితో అంచనా వేయడం కష్టం. అందుకే త్రిమితీయ యాంజియోగ్రామ్ నుంచి రోగి ధమని ఆకృతిని పునర్నిర్మించి, వివిధ కొలతల పరికరాలను తెరపై అమర్చి చూస్తారు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరానికి చెందిన సిమ్ అండ్ క్యూర్ సంస్థ ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి చేసింది.

ప్రవాహ గణన

మరో రకం నమూనా ద్రవ చలన సమీకరణాల ఆధారంగా రక్త ప్రవాహ వేగాన్ని, నాళం గోడపై పడే ఒరిపిడిని లెక్కిస్తుంది. పరికరం అమర్చాక ప్రవాహం ఎంత తగ్గుతుందో ముందుగా అంచనా వేస్తుంది. లీడ్స్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 164 మంది కల్పిత రోగులపై జరిగిన కంప్యూటర్ పరీక్ష 2021లో ప్రచురితమైంది. అందులో అంచనా వేసిన 82.9 శాతం సాఫల్యం, నిజమైన రోగులపై జరిగిన పరీక్షల ఫలితాలతో పోల్చదగినదిగా తేలింది.

పరిమితులు

అనేక నమూనాలు నాళం గోడను కదలనిదిగా భావిస్తాయి. రోగి సొంత ప్రవాహ వేగానికి బదులు సగటు విలువలను వాడతాయి. గోడపై ఒరిపిడి ఎక్కువైనా, తక్కువైనా ఉబ్బు పగిలే ముప్పుతో దానికి గల సంబంధంపై భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక నమూనా వైద్యునికి సహాయకారి మాత్రమే. రోగి వయసు, రక్తపోటు, ఉబ్బు పరిమాణం, ఉన్న చోటు పరిశీలించి తుది నిర్ణయం తీసుకోవలసింది వైద్య బృందమే.